విద్యుత్కారులో కూలంటు తగ్గుట : లోపము కనుగొను విధము, సరిచేయు విధము

మడిలో పెట్టిన నీరు మరునాటికి నిలువకపోయినచో రైతు ఏమి చేయును? మరల మదుము ఎత్తి నీరు పెట్టి ఊరకుండడు. పార భుజముపై వేసికొని గట్టువెంట నడచి, ఎలుక కన్నమెచ్చట, పీత బొరియయెచ్చట అని వెదకును. దానిని పూడ్చిన పిమ్మటనే నీరు పెట్టును. గట్టు చూడక నీరు పెట్టువానిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఇంత తెలిసిన మనమే, విద్యుత్కారులో కూలంటు తగ్గినప్పుడు మాత్రము మూత తీసి చెంబెడు నీరు పోసి, పని తీరినదని తలంచుచున్నాము. మేమును అట్లే చేసి నష్టపడితిమి. ఆ నష్టము తక్కిన సభ్యులకు కలుగకుండుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కూలంటు చేయు పని

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలకును ఇప్పుడు విద్యుత్కార్లు వచ్చుచున్నవి. వీథులలో తిరుగు బ్యాటరీ ఆటోలు, స్కూటర్లు చాలవరకు గాలిచేతనే చల్లబడును. వానికి ఈ చింత లేదు. కార్ల సంగతి వేరు. 2020 జనవరిలో మన దేశమున విక్రయమునకు వచ్చిన టాటా నెక్సాన్, ఎం.జి. జెడ్.ఎస్. విద్యుత్కార్లు మొదలుగా గలవానిలో బ్యాటరీని ద్రవముచే చల్లబరచు ఏర్పాటు కలదు.

ఇంజను లేని బండికి రేడియేటరు ఏల అని కొందరు అడుగుచున్నారు. ఇంజను లేకున్నను వేడి ఉన్నది. బ్యాటరీనుండి విద్యుత్తు తీయునప్పుడును, దానిలోనికి ఎక్కించునప్పుడును బ్యాటరీ వేడెక్కును. మోటారును, దానికి విద్యుత్తును మార్చి యిచ్చు ఇన్వర్టరును వేడెక్కును. ట్రాక్టరు ఇంజనులోని నీరు 90 డిగ్రీల వేడిలోనున్నను ఇంజనుకు హాని లేదు. బ్యాటరీ అంత వేడిని ఓర్వజాలదు. మనకు హాయిగానుండు వేడియే దానికిని హాయి. సుమారు 15 మొదలు 35 డిగ్రీలవరకు అది సుఖముగా పనిచేయును. మన నడివేసవి ఎండయే దానికి మించిపోవును. అందుచేత బ్యాటరీ అడుగున సన్నని కాలువలుగల లోహపు పలకనమర్చి, చిన్న విద్యుత్తు పంపుచే కూలంటును ఆ కాలువలలో త్రిప్పుదురు. ఎండ హెచ్చుగానున్నప్పుడు, కారులోని ఎ.సి. గ్యాసు ప్రక్కనుండి పోవునట్లు చేసి ఆ కూలంటును ఇంకను చల్లార్తురు.

సాధారణముగా ఒకే కారులో ఇట్టి కాలువలు రెండుండును. ఒకటి బ్యాటరీకి, రెండవది మోటారుకు, ఇన్వర్టరుకు. కొన్ని కార్లలో రెంటికి వేరువేరు తొట్లుండును. కొన్నింటిలో ఒకే తొట్టి రెంటికిని పనిచేయును. తమ కారులో తొట్లెన్నియో, ఏది దేనిదో, కారుతోపాటు ఇచ్చిన పుస్తకము చూచి ప్రతి సభ్యుడును ముందుగా తెలిసికొనవలెను. అద్దము కడుగు నీటి తొట్టియు ఆ దాపుననే యుండును. ఒకదానిని మరియొకటిగా భ్రమించి కూలంటు తొట్టిలో సబ్బునీరు పోసినవారును కలరు.

బోరు నీరు పోయరాదు

కూలంటనగా వట్టి రంగునీరు కాదు. శుద్ధజలమును, ఇథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును సుమారు సమపాళ్లలో కలిపి, లోహము త్రుప్పుపట్టకుండ మందులు చేర్చి దానిని తయారుచేయుదురు. మన బావులలోని నీటియందు, బోర్లలోని నీటియందు సున్నము, ఉప్పు ఉండును. భావనపాడు, కళింగపట్నము వంటి సముద్రతీర గ్రామములలో ఉప్పు మరింత హెచ్చు. నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట మన ఇండ్లలో అందరు ఎరిగినదే. అదే పొర బ్యాటరీ పలకలోని సన్నని కాలువలలో కట్టినచో కూలంటు సరిగా ప్రవహింపక, బ్యాటరీలో ఒక ప్రక్క చల్లగాను ఒక ప్రక్క వేడిగాను ఉండును.

రెండవ హాని అంతకంటె పెద్దది. ఉప్పునీరు విద్యుత్తును తనగుండ పోనిచ్చును. బ్యాటరీలో 300, 400 వోల్టుల విద్యుత్తున్నది. ద్రవము లోపల ఊరినప్పుడు అది ఉప్పుతో కూడిన నీరైనచో ప్రమాదము హెచ్చును. కొన్ని కంపెనీలు ఈ కారణముననే, విద్యుత్తును మిక్కిలి తక్కువగా పోనిచ్చు ప్రత్యేకమైన కూలంటును వాడుచున్నవి. కావున రంగు ఒకటియేగదా అని అంగడిలో దొరకిన కూలంటును పోయరాదు. రంగు గుణమును తెలుపదు. పుస్తకములో చెప్పిన రకమునే కొనవలెను.

పలు కంపెనీలు బ్యాటరీకి 8 సంవత్సరముల గ్యారంటీ ఇచ్చుచున్నవి. కారంతటిలో హెచ్చు వెలగల భాగమదియే. తగని ద్రవము పోసినట్లు తేలినచో ఆ గ్యారంటీకి భంగము కలుగవచ్చును. చెంబెడు నీటికి అంత ధర చెల్లింపనేల?

తగ్గినదని నిశ్చయించుకొనుట

తొట్టిపై ‘మిన్’, ‘మాక్స్’ అను రెండు గీతలుండును. బండి రాత్రియంతయు నిలిచి చల్లబడిన పిమ్మట, ఉదయమున, సమతలముపై నిలిపి మట్టము చూడవలెను. వేడిమీద ద్రవము వ్యాకోచించి పైకి వచ్చును గనుక అప్పటి మట్టమును నమ్మరాదు. వేడిమీద మూత తీయనేరాదు. మట్టము ఎచ్చటనున్నదో బొగ్గుతోనో కలముతోనో గుర్తుపెట్టి, తేదీతోను, బండి తిరిగిన కిలోమీటర్లతోను ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. సంవత్సరమునకు వెంట్రుకవాసి తగ్గినచో భయము లేదు. మూసియున్న కాలువలో ద్రవము త్వరత్వరగా తగ్గుటకు న్యాయము లేదు. నెలకొకసారి పోయవలసివచ్చుచున్నచో ఎచ్చటనో కన్నమున్నదనియే అర్థము.

మట్టము చూడకున్నను బండి కొన్ని గురుతులు చూపును. వేగముగా ఛార్జి చేయుచోట ఎన్నడు లేనంత నెమ్మదిగా ఎక్కుట, బండి నిలిపిన తరువాతకూడ పంకా పెద్దగా మ్రోగుట, ఎత్తు ఎక్కునప్పుడు బలము తగ్గుట, మీటరు పలకపై హెచ్చరిక వెలుగుట, ఇవన్నియు కూలంటు చాలకపోవుటచే కలుగవచ్చును. కూలంటు తగ్గిన బండి తన్ను తాను కాపాడుకొనుటకై శక్తిని తగ్గించుకొనును. ఆ సమయమున దానిని తరుమరాదు.

వెదకు క్రమము

మొదట నేల చూడవలెను. రాత్రి బండి క్రింద తెల్లని కాగితములో, పాత అట్టలో పరచి, తెల్లవారి చూడవలెను. ఎ.సి. నడచినప్పుడు బండి క్రింద నీరు కారుట సహజము. అది రంగులేనిది, ఆరినపిమ్మట మచ్చ ఉండదు. కూలంటు ఆకుపచ్చగానో, నీలముగానో, గులాబిరంగుగానో ఉండి, వ్రేళ్ల నడుమ జారుడుగా తగులును, త్వరగా ఆరదు, ఆరినచోట జిగురు మిగులును. తెలిసికొనుటకై నాలుకపై వేసికొనరాదు. అది విషము.

పిమ్మట బండి ఆపి, తాళముచెవి దూరముగానుంచి, ఛార్జింగు తీగ తీసి, మూత ఎత్తి చూడవలెను. నారింజరంగు తొడుగుగల తీగలను, వానికి తగిలించిన పెట్టెలను ముట్టరాదు. బ్యాటరీలోని పెద్ద విద్యుత్తు ఆ తీగలలోనే ప్రవహించును. మిగిలినచోట్ల ఈ వరుసను చూడుడు.

1. తొట్టి, దాని మూత. తొట్టికి సన్నని బీట ఉన్నదా? మూతలోని రబ్బరు చుట్ట చెడినదా?

2. రబ్బరు గొట్టములు, వాని కీళ్లు. కూలంటు ఊరి ఆరినచోట తెల్లగానో రంగుగానో పొక్కు కట్టియుండును. చేయి చొరనిచోట చిన్న అద్దము పెట్టి, దీపము వేసి చూడవలెను. గొట్టపు క్రిందిభాగమును తడిమి చూడవలెను. లోపము చాలసార్లు కంటికి కనబడని ప్రక్కనే యుండును.

3. రేడియేటరు. ముందుభాగమున నుండుటచే రాళ్లు తగులును. నౌపడ ఉప్పుమళ్ల మీదుగా వీచు గాలివంటి ఉప్పుగాలి సోకుచోట్ల దాని రేకులు త్వరగా తినివేయబడును.

4. విద్యుత్తు పంపు. దాని ఇరుసువద్ద, గొట్టము కలియుచోట తడి ఉన్నదా?

5. బండి అడుగు. గతుకుల బాటలలోను, గెడ్డల రాళ్లలోను నడచు బండికి అడుగున దెబ్బ తగిలినదా? బ్యాటరీ పెట్టెకు నొక్కు పడినదా?

మాకు కలిగిన అనుభవము

మేము వాడు కారులో ఫాల్గుణమాసమున మట్టము గీతక్రిందికి పోయినది. ట్రాక్టరు అలవాటుచే బోరు నీరు అరలీటరు పోసితిమి. పది దినములకు మరల తగ్గినది, మరల పోసితిమి. చైత్రములో శ్రీకాకుళము పోయినప్పుడు, రాజమార్గముప్రక్కన వేగముగా ఛార్జి చేయుచోట, అరగంటలో ఎక్కవలసినది గంటన్నరకుగాని ఎక్కలేదు. ఒక మరమ్మతుశాలకు తీసికొనిపోగా, అచ్చటివారు గొట్టములు చూడక, కూలంటు నింపి, ధర పుచ్చుకొని పంపివేసిరి. వారిని మాత్రము నిందింపనేల? మేమును అంతకుముందు రెండుసార్లు చేసినది అదియేకదా!

తుదకు మా ఊరి ట్రాక్టరు మేస్త్రి ఒకరు, బండి క్రింద అట్ట పరపించి, మరునాడు తడి ఉన్నచోటికి సరిగా పైన చేయిపెట్టి వెదకిరి. రేడియేటరునకు పోవు గొట్టము వెనుకప్రక్క ఎలుక పంటిగాట్లు రెండు కనబడినవి. కోతలైన పిమ్మట కల్లమునుండి ధాన్యము తెచ్చి వసారాలో వేసియుంచితిమి. కారును ఆ ప్రక్కనే నిలుపుచుంటిమి. ధాన్యమునకు వచ్చిన ఎలుకలు, బండిలోని వెచ్చదనమునకు దానిలో చేరినవి. గొట్టమునకైన ఖర్చు స్వల్పము. మేము పోసిన బోరు నీటిని వెడలించుటకై కాలువయంతయు శుద్ధజలముతో పలుమారులు కడిగించి, క్రొత్త కూలంటు నింపించుటకు దానికి ఎన్నో రెట్లు ఖర్చయ్యెను. మొదటి దినముననే అట్ట పరచియున్నచో ఆ ఖర్చు లేకయే పోవును.

కంటికి కనబడని లీకు

నేల పొడిగానుండి మట్టము తగ్గుచున్నచో రెండు కారణములు ఊహింపవలెను. మొదటిది, బండి నడచునప్పుడు ఒత్తిడిచే కారి, వేడికి ఆవిరియగు సన్నని లీకు. దీనిని ఒత్తిడి పరీక్షచే కనుగొందురు. చల్లనిబండి తొట్టిమూత తీసి, దానిచోట గేజిగల చేతిపంపును బిగించి, పుస్తకములో చెప్పిన ఒత్తిడివరకు గాలికొట్టి, పావుగంట ఉంచవలెను. ముల్లు నిలిచియున్న కాలువ బాగున్నదనియు, దిగిన కన్నమున్నదనియు గ్రహింపవలెను. దిగుచున్నప్పుడే కీళ్లను చూచినచో చెమ్మ తేలును. సైకిలు ట్యూబును నీటిలో ముంచి బుడగలు చూచుటవంటిదే ఇది. చెప్పిన ఒత్తిడికి మించి కొట్టినచో మంచి కీళ్లుకూడ చెడును.

రెండవ కారణము భయంకరమైనది. పైన ఎచ్చటను తడిలేక, ముల్లు దిగుచున్నచో, కూలంటు బ్యాటరీ పెట్టెలోనికో, మోటారులోనికో, ఇన్వర్టరులోనికో ఊరుచుండవచ్చును. విద్యుత్తు బండి ఉక్కునకు సోకుచున్నదని తెలుపు హెచ్చరిక మీటరు పలకపై వచ్చినచో ఈ అనుమానము బలపడును. అప్పుడు బండిని నడపరాదు, ఛార్జి చేయరాదు. ఇంటికి, గడ్డికుప్పకు, పశువులశాలకు దూరముగా, ఆరుబయట నిలిపి, కంపెనీవారిని పిలిపింపవలెను. బ్యాటరీ పెట్టెను విప్పుట ఊరి మేస్త్రి పని కాదు. శిక్షణ, తగిన చేతితొడుగులు లేనివాడు దానిలో చేయిపెట్టిన ప్రాణాపాయము.

ఇది వట్టి బెదరింపు కాదు. 2011 మే నెలలో అమెరికా ప్రభుత్వపు రహదారి భద్రతాశాఖవారు షెవర్లే వోల్ట్ అను కారును ప్రక్కనుండి స్తంభమునకు కొట్టించి పరీక్షించిరి. ఆ కారు పెట్రోలుతోను, విద్యుత్తుతోను నడచునది. పరీక్షదినమున ఏమియు కాలేదు. మూడు వారములైన పిమ్మట, ఆవరణలో నిలిపియుంచిన ఆ కారు తానై అంటుకొని కాలినది. విచారింపగా, దెబ్బకు బ్యాటరీ చెడినదనియు, కూలంటు కాలువ పగిలి ద్రవము లోపల కారినదనియు తేలినది. 2012 జనవరిలో ఆ కంపెనీవారు బ్యాటరీ చుట్టును ఉక్కు బలపరచుటయేగాక, కూలంటు మట్టము తగ్గినచో తెలుపు సాధనమును, తొట్టిలో మితిమీరి పోయకుండ అడ్డు పలకను అమర్చుటకు నిశ్చయించిరి. దెబ్బ తగిలిన దినమున బాగుగా కనబడిన బండియు మూడు వారములకు కాలవచ్చునని దీనివలన తెలియుచున్నది. అడుగున గట్టిదెబ్బ తగిలిన కారును, నడచుచున్నదికదా అని ఉపేక్షింపరాదు.

సరిచేయు విధము

బయటి గొట్టము, కీలు, తొట్టి, మూత, వీనిలో లోపమున్నచో నేర్పుగల మేస్త్రి సరిచేయగలడు. లోపమున్నచోట నారింజరంగు తీగలు అడ్డముగానున్నచో ఆ పనియు కంపెనీవారికే విడువవలెను. మొదట చిన్న 12 వోల్టుల బ్యాటరీ రుణధ్రువపు తీగ తీసివేయవలెను. బండి బాగుగా చల్లబడవలెను. క్రింద శుభ్రమైన తొట్టి పెట్టి ద్రవమును పట్టవలెను. చిరిగిన గొట్టమునకు గుడ్డచుట్టి తీగతో బిగించుట బండిని ఇంటికి చేర్చుటకైనను చాలదు. క్రొత్త గొట్టమునే వేయవలెను. క్లాంపు వదులైనచో తగుమాత్రము బిగింపవలెను. మితిమీరి బిగించిన అది రబ్బరును కోయును. నొక్కి తగిలించు కీళ్లలోనుండు రబ్బరు చుట్టను విప్పినప్పుడెల్ల క్రొత్తది వేయుట మేలు.

ట్రాక్టరు రేడియేటరు కారినప్పుడు పసుపు పోయుట, అంగడిలో దొరకు లీకుమందు పోయుట మనవారికి వాడుక. విద్యుత్కారులో ఈ రెండును నిషిద్ధములు. కన్నమును మూయు పొడి బ్యాటరీ పలకలోని సన్నని కాలువను మూయకుండునా?

నింపుటయు ఒక విద్యయే. కాలువలో గాలి నిలిచినచో ద్రవము తిరుగదు. తొట్టి నిండుగా కనబడినను బ్యాటరీ చల్లబడదు. నెమ్మదిగా నింపి, గాలితీయు మర ఉన్నచో దానిని వదలించి, పంపును త్రిప్పి, బుడగలు ఆగువరకు చూడవలెను. చాల కార్లలో ఆ పంపును త్రిప్పుటకు కంపెనీవారి పరీక్షాయంత్రము వలయును. అట్టి కారును ఈ ఒక్క పనికైనను వారియొద్దకే తీసికొనిపోవలెను. మరునాటి ఉదయమున ఒకసారి, 50 కిలోమీటర్లు తిరిగిన పిమ్మట ఒకసారి మట్టము చూచి, ఆ రెండుసార్లును గుర్తు కదలకున్నప్పుడే పని పూర్తియైనదని భావింపవలెను.

పిల్లలు, పశువులు

ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగానుండును. అందుచేతనే అది మరింత ప్రమాదకరము. నేలపై మడుగుకట్టిన కూలంటును కుక్కలు, పిల్లులు, దూడలు నాకును. ఒకటి రెండు చెంచాలు పిల్లిని చంపుటకు చాలును. కడుపులోనికి పోయిన పిమ్మట అది మారి, మూత్రపిండములను పాడుచేయును. మొదట మత్తుగానుండి, పిమ్మట కుదుటపడినట్లు కనబడినను నమ్మరాదు. పిల్లలు త్రాగినట్లు అనుమానము కలిగినచో నాటుమందులతో కాలము గడపక, ఆ డబ్బాతోకూడ వెంటనే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను.

కారిన ద్రవముపై ఊకగాని ఇసుకగాని పోసి, పీల్చినపిమ్మట ఎత్తి, పశువులకు అందని చోటనుంచి, నేలను విస్తారమైన నీటితో కడుగవలెను. తీసివేసిన కూలంటును గెడ్డలోను, చెరువులోను, బావిచెంతను పారబోయరాదు. మూతగల డబ్బాలో పోసి మరమ్మతుశాలకు అప్పగింపవలెను. దానిని చెంబులోనో, శీతలపానీయపు సీసాలోనో ఎన్నడును ఉంచరాదు.

సంఘ సభ్యులకు మనవి

గేజిగల ఒత్తిడి పంపు ఒక్కొక్కరు కొనదగినది కాదు. ఏడాదికి ఒకటి రెండుసార్లకంటె పనిపడదు. విద్యుత్కార్లుగల సభ్యులు గ్రామమున నలుగురైదుగురున్నచో, ఉమ్మడిగా ఒక పంపును, తమ కార్లకు తగిన కూలంటు డబ్బాలను సంఘ కార్యాలయమున ఉంచుకొనుట మేలు. నూర్పు యంత్రమును ఉమ్మడిగా వాడుకొనుట ఎరిగిన మనకు ఇది కష్టము కాదు. ఊరి మేస్త్రిని కంపెనీవారు పెట్టు శిక్షణకు పంపుటకును ఇట్లే నలుగురు చేరవచ్చును.

ధాన్యపు రాసి ప్రక్కన కారు నిలుపకుడు. నెలకొకసారి ఉదయమున మట్టము చూచి వ్రాసికొనుడు. తగ్గినచో పోయుటకు ముందు వెదకుడు. బయటి కన్నమును మీరు పూడ్పించుడు. లోపలి కన్నమును తెలిసినవారికి విడువుడు. గట్టు తిరిగిచూచు రైతునకు మడి ఎండదు. మన ముత్తాతలనాటి ఆ అలవాటే ఈ క్రొత్త బండికిని చాలును.